నులక మంచం మీద స్వెటర్లు

ఈ మధ్య మానుకోట వెళ్లేసరికి మా వదిన రూతమ్మ డాబా మీద కుర్చీలో కూర్చుని కూతురు సుగుణతో పోట్లాడుతోంది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. గొడవ స్వెటర్ల గురించి. చలి వెళ్లిపోయింది, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది, ఇంట్లో ఉన్న ఉన్ని బట్టలన్నీ ఉతికి వచ్చే చలికాలం దాకా సందూక పెట్టెలో పెట్టాలి. వదిన వేళ్ల కీళ్లు వంకర్లు పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. తడిసిన స్వెటర్ ఎంత బరువుంటుందో ఎత్తిన వాళ్లకు తెలుస్తుంది. ఆమె చేతులు ఇక దాన్ని ఎత్తలేవు.

"మిషన్ల ఏస్తే అరగంటల అయిపోతదే అమ్మా. ఉన్ని బట్టలకని దాంట్ల వేరే బటన్ గూడ ఉన్నది" అంటోంది సుగుణ.

"బటన్‌కు ఏం తెలుస్తదే, అది మీ నాయిన సూటరో గోనెసంచో?"

"నువ్వన్న జెప్పు చిన్నాయినా. గిలాస పట్టుకుంటేనే చేతులు వణుకుతయి, సూటర్లు ఉతుకుతదట!"

మా అన్న బీరయ్య పోయి కొన్నేళ్లయింది. ఆయన స్వెటర్లు రెండు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాయి. వదినవి, సుగుణవి, మనవడివి కలిపి ఒక మంచం నిండా పరిచి ఉన్నాయి. నేను సంచీ గోడకు ఆనించి, "నేను ఉతుకుత వదినా" అన్నాను.

వదిన నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నువ్వా సత్తయ్యా?" అని నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఆయన్ని చూసి నవ్వుతవేందమ్మా? ఎనకట నాయిన సూటర్ ఖరాబు జేసింది నువ్వేనాయె. నాయినమ్మ సచ్చేదాక అదే చెప్పె" అంది సుగుణ.

వదిన నవ్వు ఆగిపోయింది. నా వైపు చూడలేదు, స్వెటర్ల వైపు చూసింది. ఆ స్వెటర్ పాడుచేసింది నేను. మిగతాదంతా తర్వాత చెబుతాను గానీ, ముందు ఈ మాట రాసి పెడుతున్నాను. దీన్ని చివరిదాకా దాచి చెప్పే హక్కు నాకు లేదు, ఇప్పటికే చాలాకాలం దాచాను.

మాది జనగామ దగ్గర నర్మెట్ట వైపు పల్లె. మేం కురుమలం, గొర్లు మా బతుకు. మా ఇంట్లో ఉన్ని వాసన ఎప్పుడూ ఉండేది, వానాకాలం మరీ ఎక్కువ. తడిసిన గొర్రె వాసన, తడిసిన గొంగడి వాసన ఒకటే. బాపు గొర్ల బొచ్చు కత్తిరిస్తే అవ్వ దాన్ని ఏకి, వడికేది. నేసిన గొంగడికి చింతగింజల గంజి పెట్టేవాళ్లు. గొంగడి మురికైతే దాన్ని ఉతికే పద్ధతి మా ఇంట్లో ఒకటి ఉండేది. పెద్ద బండ మీద పరిచి, కాగిన నీళ్లు పోసి, ఇద్దరు ముగ్గురు ఎక్కి కాళ్లతో తొక్కేవాళ్లు. ఎంత తొక్కితే పోగులు అంత దగ్గరికి చేరతాయి, అంత గట్టిపడుతుంది, అంత వానను ఆపుతుంది. తర్వాత ఎర్రటి ఎండలో బండ మీదే ఆరేసేవాళ్లు. అవ్వ పక్కన నిలబడి "ఇంక తొక్కున్రి, ఇంక తొక్కున్రి" అనేది. తొక్కడానికి మాకు పిల్లలకు పోటీ. ఉన్ని గురించి లోకంలో తెలుసుకోవలసింది ఏదైనా ఉంటే అది మాకు తెలుసనే అనుకుంటూ పెరిగాను.

అన్నకు రైల్వేలో పట్టాల గ్యాంగులో పని దొరికి మానుకోటలో క్వార్టర్ ఇచ్చారు. అక్కడే బాలవాడిలో ఆయాగా పనిచేసే రూతమ్మను ఇష్టపడి చేసుకున్నాడు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. అవ్వ పెళ్లికి రాలేదు. పెళ్లయిన ఏడాదికి వచ్చింది, జొన్నలు తెచ్చింది, కోడలు వండిన అన్నం తిన్నది, కానీ కూర్చున్నంత సేపూ గోడలు చూసేది, ఎక్కడ ఏ పటం ఉందోనని. పదో తరగతి తర్వాత చదువుకోడానికి నన్ను అన్న దగ్గరికి పంపారు. నన్ను పంపడంలో అవ్వకు ఇంకో ఆలోచన కూడా ఉందని ఇప్పుడు అనుకుంటాను. ఆ ఇంట్లో మా మనిషి ఒకడు ఉండాలని.

వదినకు అల్లిక వచ్చు. చిన్నప్పుడు హాస్టల్లో ఒక టీచరమ్మ నేర్పిందట. బాలవాడి నుంచి వచ్చి, పొయ్యి ముట్టించి, అన్నం ఉడుకుతుండగా గుమ్మంలో కూర్చుని రెండు సూదులతో అల్లుతూ ఉండేది. సూదుల చప్పుడు, అన్నం కుతకుతలాడే చప్పుడు కలిసి వినిపించేవి. మా ఇంట్లో ఉన్ని పని అంటే బండలు, బొచ్చు, కాళ్లు, కేకలు. ఈమె చేతిలో ఉన్ని దారం చడీచప్పుడు లేకుండా బట్టగా మారేది. నాకు అది ఉన్ని పనిలాగా అనిపించేది కాదు, ఆడపిల్లల ఆటలాగా అనిపించేది.

కానీ ఉతికే రోజు మాత్రం నాకు తమాషాగా ఉండేది. ముందు రోజు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి నానబెట్టేది. పొద్దున్నే పిసికి, పిప్పి ఉన్నికి అంటుకుంటే రాదని, ఆ రసాన్ని పాత ధోవతి గుడ్డలో వడకట్టేది. నీళ్లు బావి నుంచి చేదినవి చేదినట్టే, కాచేది కాదు. ఉతకడానికి ముందు ఒక పాత దుప్పటి నేల మీద పరిచి, దాని మీద స్వెటర్‌ను చేతులు చాపి పడుకోబెట్టి, నీలం సుద్దముక్కతో చుట్టూ గీత గీసేది. ఒక్కో స్వెటర్‌కు ఒక్కో గీత. దుప్పటి మీద అన్న ఒకచోట, వదిన ఒకచోట, తలకాయలు లేకుండా చేతులు చాపుకుని పడుకున్నట్టు ఉండేవి. స్వెటర్‌ను నీళ్లలో ముంచి రుద్దేది కాదు, అరచేతులతో ఒత్తి వదిలేది. పిండేది కాదు. రెండు చేతులు కిందికి పెట్టి పసిబిడ్డను నీళ్లలోంచి తీసినట్టు తీసి, పొడి తువ్వాలులో చుట్ట చుట్టి మోకాళ్లతో అదిమేది. తర్వాత ఆ గీతల దుప్పటిని వేపచెట్టు నీడలో నులక మంచం మీద పరిచి, తడి స్వెటర్‌ను సరిగ్గా దాని గీతలో పెట్టి, భుజాలు, అంచులు వేళ్లతో సవరించేది. నులక సందుల్లోంచి కింది నుంచీ గాలి తగులుతుందని మంచం. ఎండ తగిలితే రంగు పోతుందని నీడ. ఆరాక పైన లేచిన చిన్న చిన్న ఉన్ని ఉండలను పేల దువ్వెనతో దువ్వి తీసి, మడతపెట్టి, మడతల్లో ఎండిన వేపాకు వేసి సందూకలో పెట్టేది. దండెం మీద ఎప్పుడూ వేసేది కాదు. "నిన్ను చేతులు పట్టి గుంజి ఏలాడదీస్తే నువ్వు ఎట్లైతవో అదీ అట్లనే అయితది" అనేది నాతో.

ఆ యేడు వానాకాలమంతా ఆమె అన్నకు ఒక స్వెటర్ అల్లింది. వంకాయ రంగు. ఉన్ని కొన్నది కాదు. వాళ్లమ్మ దవాఖానలో ఆయాగా చేస్తూ తొడుక్కున్న స్వెటర్లు రెండు ఉండేవి. ఆమె పోయాక అవి వదినకు వచ్చాయి. రెండింటినీ విప్పి, దారం కుర్చీ కాళ్లకు చుట్టి, మసులుతున్న నీళ్ల ఆవిరి పట్టించి, వంకరలు పోయేలా ఆరబెట్టి, ఆ దారంతో కొత్తగా అల్లింది. చలికాలంలో అన్న చీకట్లో పట్టాల వెంట నడవాలి. అంతకు ముందు గొంగడి కప్పుకుని వెళ్లేవాడు. గొంగడి వెచ్చనే గాని, ఒక చేత్తో పట్టుకోవాలి, సుత్తె ఎత్తితే జారుతుంది. తోటి గ్యాంగు వాళ్లు "గొర్ల మంద ఎక్కడ ఇడిసిపెట్టినవ్ బీరయ్యా?" అని ఎగతాళి చేసేవాళ్లు. స్వెటర్ తొడుక్కున్న మొదటి రోజు అన్న అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. వదిన అల్లిక పూర్తయిన రోజే దుప్పటి మీద దాని గీత గీసిపెట్టుకుంది.

ఆ స్వెటర్‌ను నేను అడగకుండా తొడుక్కుని దోస్తులతో సినిమాకు పోయాను. ఆ వారం అన్నది పగటి డ్యూటీ. టాకీసు బయట ఎవడో మోచేత్తో పొడిస్తే మిర్చి బజ్జీ చట్నీ, చాయ్ రెండూ ఛాతీ మీద ఒలికాయి. ఇల్లు చేరి దాన్ని మూలకు దాచి, మర్నాడు అన్న పట్టాల మీదికి, వదిన బాలవాడికి పోయాక ఉతకడానికి కూర్చున్నాను. వదిన ఎట్లా ఉతుకుతుందో నాకు తెలియక కాదు, ఎన్నోసార్లు చూశాను. కానీ అప్పుడు నా బుర్రలో అనిపించిన మాట స్పష్టంగా గుర్తుంది. ఈమెకు భయం గనుక అట్లా ఉతుకుతుంది, మనం ఉన్ని పుట్టిన ఇంట్లో పుట్టినవాళ్లం. అంతే. నీళ్లు బాగా కాచాను. బట్టల సబ్బు గీసి వేశాను. బావి దగ్గరి బండ మీద వేసి, ప్యాంటు మడిచి, తొక్కాను. మరక పోతున్న కొద్దీ హుషారొచ్చి ఇంకా తొక్కాను. అది నా పాదాల కింద గట్టిపడుతుంటే మా ఊరి బండ మీద గొంగడి గట్టిపడినట్టే ఉందని సంతోషపడ్డాను కూడా. పిండి, ఎండకు బండ మీద పరిచాను.

వదిన వచ్చేసరికి అది ఆరింది. నేనే చేతికిచ్చాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. మళ్లీ చన్నీళ్లలో నానబెట్టి, గీతల దుప్పటి తెచ్చి మంచం మీద పరిచి, దాన్ని అన్న గీతలో పెట్టింది. తండ్రి పక్క మీద నడుమ చిన్నపిల్లవాడు పడుకున్నట్టు ఉంది. గీత చుట్టూ దూరంగా ఉండిపోయింది. లాగి చూసింది, రాలేదు. తర్వాత మెడ దగ్గర అంచు వెతికి, విప్పుదామని దారం కొస కోసం గోటితో చాలాసేపు గీకింది. విప్పగలిగితే ఇంకోటి అల్లుకోవచ్చు. కొస దొరకలేదు. పోగు పోగుకు అతుక్కుపోయి దారమన్నదే లేకుండా పోయింది. అప్పుడు ఆమె సూదుల డబ్బా మూసేసి లోపలికి వెళ్లి బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆదివారం అవ్వ వచ్చింది. మంచం మీద ఇంకా ఆరుతున్న దాన్ని చూసి చేత్తో పట్టుకుంది.

"గిదేంది, గింత బుడ్డగున్నది? బీరయ్య తొడిగేదేనా?"

"అవునత్తమ్మా" అంది వదిన.

"ఉన్నిని గిట్ల నాశనం జేస్తరా? మా ఇంట్ల పుట్టినదైతే ఎరికుంటుండె. చర్చిల గిదేనా నేర్పింది?"

నేను అరుగు మీద పల్లికాయలు ఒలుచుకుంటున్నాను. వదిన నా వైపు ఒకసారి చూసింది. నేను పల్లికాయల వైపు చూశాను.

"వేన్నీళ్లు పడ్డయత్తమ్మా" అంది ఆమె. ఎవరు పోశారో చెప్పలేదు.

సాయంత్రం అన్న గొంగడి భుజాన వేసుకుని, ఆ రోజు నుంచి మొదలైన రాత్రి డ్యూటీకి బయల్దేరుతూ నన్ను గేటు దాకా రమ్మన్నాడు. "నోరు లేదారా నీకు?" అన్నాడు. "రేపు చెప్తనే" అన్నాను. గొంగడి అంచు ఒక చేత్తో పట్టుకుని పట్టాల వైపు నడిచి వెళ్లాడు. వదిన తర్వాత ఆయనకు వేరే స్వెటర్లు అల్లింది, అంగట్లో కొన్న ఉన్నితో. అవి కూడా మంచివే. కానీ ఆ చలికాలం మొత్తం ఆయన గొంగడితోనే నడిచాడు.

కుర్రతనంలో ఒక బట్ట పాడుచేయడం పెద్ద తప్పేమీ కాదు. నా తప్పు ఆ తర్వాతది. నాకు భూపాలపల్లిలో బొగ్గు గనుల స్టోర్సులో పని దొరికింది, పెళ్లయింది, క్వార్టర్ వచ్చింది. బాపు పోయాక అవ్వ చలికాలాలు మా దగ్గరే గడిపేది. అక్కడ చలీ ఎక్కువే, బొగ్గు దుమ్మూ ఎక్కువే. దండెం మీద తెల్లని బట్ట సాయంత్రానికి బూడిద రంగుకు వచ్చేది. వదిన అవ్వకు ఒక స్వెటర్, చెవుల మీదికి వచ్చే టోపీ అల్లి పంపింది. అవ్వ అవి తొడుక్కుని మురిసింది. ఇంటికి ఎవరొచ్చినా చూపించేది. మురిసిన నోటితోనే మా ఆవిడ లక్ష్మితో, "ఉతికేది మాత్రం నువ్వే ఉతుకు బిడ్డా. రూతమ్మ అల్లికైతే మంచిగ అల్లుతది గని, దానికి ఉన్ని ఉతుకుడు రాదు. ఎనకట మా బీరయ్యది..." అని మొదలుపెట్టేది. నేను ఆ గదిలోనే పేపరు చదువుతూ ఉండేవాణ్ణి. చెప్పడానికి ఎన్ని పూటలు దొరికాయో! అవ్వ ముసలిదైంది, ఇప్పుడు చెప్పి ఆమెను బాధపెట్టడం ఎందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అవ్వ బాధపడుతుందని కాదు. ఆమె దృష్టిలో నేను ఉన్ని తెలిసిన కొడుకుగా ఉండాలి. అవ్వ ఆ మాట నమ్ముకునే పోయింది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. లక్ష్మి ఉన్నన్నాళ్లూ నా స్వెటర్లు చలి పోగానే ఎటు పోతాయో, మళ్లీ చలి రాగానే వేపాకు వాసనతో ఎక్కడి నుంచి వస్తాయో నేను ఎన్నడూ అడగలేదు. ఆమె పోయిన తర్వాతి చలికాలం సందూక తెరిస్తే నా బూడిద రంగు స్వెటర్ మోచేతి దగ్గర పురుగు తిని జల్లెడ అయి ఉంది. ఇప్పుడు భూపాలపల్లిలో చలి మొదలవగానే రోడ్డు పక్కన కుప్పలు పోసి స్వెటర్లు అమ్ముతారు. నా మనవరాలివి అక్కడివే. మిషన్‌లో వేసినా, ఎండలో వేసినా, వేన్నీళ్లు పోసినా వాటికి ఏమీ కాదు. అవి ఉన్ని కాదు గనుక. ఏడాది తొడుక్కుని పారేస్తారు. అది మంచిదే, ఆడవాళ్లకు చాకిరీ తప్పింది. కానీ ఏం చేసినా పాడుకాని బట్ట దగ్గర మనిషి తప్పు చేసినట్టు తెలియడానికి దారి లేదు.

ఆ రోజు డాబా మీద సుగుణ ఆ మాట అన్నాక నేను కూర్చోలేకపోయాను. "మీ అమ్మ కాదు సుగుణా, నేను పాడుచేసిన" అన్నాను. వేన్నీళ్లు కాచడం, తొక్కడం, పల్లికాయలు ఒలుస్తూ ఊరుకోవడం, అన్నీ చెప్పాను. సుగుణ నన్నూ తల్లినీ మార్చి మార్చి చూసింది.

"ఇన్నేండ్లు నువ్వెందుకు చెప్పలేదమ్మా? నాయినమ్మ నిన్ను గన్ని మాటలంటుంటే!"

వదిన చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "మీ నాయినమ్మకు నన్ను అననీకి ఏదో ఒకటి గావాలె. అది లేకపోతే చర్చి దొరుకుతుండె, మా అమ్మానాయిన దొరుకుతుండె. సూటర్ అయితే నయం గదా అనుకున్న. అన్ని తిట్లు ఆ ఒక్కదాని మీదికి ఇడిసిపెట్టిన."

నాకు భారం దిగినట్టు అనిపించబోయింది. అంతలో ఆమె నా వైపు తిరిగింది.

"కని సత్తయ్యా, ఆ ఉన్ని మా అమ్మది. అది నీకు ఎరికే. తిట్లకు నేను ఏడ్వలే. దానికి ఏడ్చిన."

"తప్పయింది వదినా" అన్నాను. ఎప్పుడో బావి దగ్గర అనవలసిన మాట.

"అయితే అయింది. చెప్పుడు ఒడిసింది గదా, ఇగ చాక్‌పీసు పట్టుకో" అంది.

కిందికి వంగి దుప్పటి పరిచాను. ఆమె కుర్చీలోంచి చేతికర్రతో చూపిస్తుంటే అన్న స్వెటర్ చుట్టూ గీత గీశాను. నా మోకాళ్లు పట్టేశాయి. సుగుణ కుంకుడు రసం వడకట్టి తెచ్చింది. ట్యాంకు నీళ్లు ఎండకు గోరువెచ్చగా అయ్యాయని వదిన పారబోయించి, కింది నుంచి బోరు నీళ్లు తెప్పించింది. ఒత్తాను, వదిలాను, ఒత్తాను. నా చేతులు రుద్దడానికి వాటంతటవే పోతుంటే వదిన కర్ర బకెట్‌కు తగిలి చప్పుడయ్యేది. తీసి, చుట్టి, అదిమి, రేకుల షెడ్డు నీడలో మంచం మీద గీతలో పెట్టాను. స్వెటర్ చెయ్యి ఒకటి గీతకు కొంచెం లోపలే ఆగిపోయింది. లాగబోయాను.

"గుంజకు! గుంజితే మొండికేస్తది. ఏళ్లతోని జర జర ఒత్తుకుంట పో."

ఒత్తుకుంటూ పోయాను. మణికట్టు అంచు మెల్లగా జరిగి నీలం గీత మీదికి వచ్చి ఆగింది. వదిన ముందుకు వంగి చూసి, "ఊఁ" అంది, అంతే.

అన్నీ అయ్యాక సుగుణను సందూక అడుగున చూడమంది. పేపర్లో చుట్టి, వేపాకు మధ్య, చిన్న వంకాయ రంగు స్వెటర్. చేతికి తీసుకుంటే గొంగడి ముక్కలా గట్టిగా, మందంగా ఉంది. ఎక్కడా పురుగు తినలేదు. ఇన్నేళ్లూ మిగతా వాటితో పాటే దాన్నీ ఉతికి పెడుతోందట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

"ఇది ఏ నీళ్లల్ల ఉతకాలె వదినా?"

"ఏ నీళ్లన్న పొయ్యి. ఇగ దానికి ఏం గాదు."

బకెట్‌లో నీళ్లు పారబోసి, కిందికి దిగి చల్లటివి పట్టుకొచ్చాను. దుప్పటి మీద అన్న గీత పక్కన కొంచెం చోటు మిగిలి ఉంది. ఆ చిన్న స్వెటర్‌ను అక్కడ చేతులు చాపి పడుకోబెట్టి, ఉతకడానికి ముందు, చుట్టూ గీత గీశాను.